నురగ నిలిచే నీళ్లు

కనెహమలో కెటిల్‌కు ఆయుష్షు మూడేళ్లు. అంతకు మించి ఏ ఇంట్లోనూ నిలిచేది కాదు. లోపల సున్నం పొర మీద పొర పేరుకుని, కొమ్ము పూడుకుపోయి, ఒకరోజు పొయ్యి మీద ఉండగానే అడుగు చిట్లిపోయేది. యొనమినె ఫుమి వంటింట్లో మాత్రం ఒక అల్యూమినియం కెటిల్ ఆమె కాపురానికి వచ్చిన ఏడు కొన్నది, ఆమె పోయాక కూడా బతికే ఉంది.

అందులో మర్మమేమీ లేదు. చాంద్రమాసంలో మొదటి రోజునా పదిహేనో రోజునా పొయ్యి దేవుడికి టీ పెట్టాలి కదా, దానికి ముందు రోజు ఆమె కెటిల్ నిండా షీక్వాసా నిమ్మకాయల తొక్కలు వేసి మరిగించేది. ఆ పులుపుకు సున్నం మెత్తబడి పెచ్చులుగా లేచేది. వాటిని గోటితో గీకి, పెరట్లో కాకర పాదు మొదట్లో పోసేది. "దేవుడికి రాళ్లు తాగించేంత పాపం నేను చేయలేను. మనుషులంటారా, అలవాటు పడ్డారు," అనేది.

నిజంగానే అలవాటు పడ్డారు. ఆ ఊరు కూర్చున్నదే సున్నపురాయి మీద. వాన నీరు ఆ రాతిలోంచి ఇంకి, కరిగినంత రాతిని కరిగించుకుని, కింద బావుల్లోకి వచ్చేది. బావుల నుంచి ట్యాంకుకు, ట్యాంకు నుంచి కొళాయిలకు. చూడటానికి అద్దంలా ఉండేవి ఆ నీళ్లు. గ్లాసులో పోసి ఆరబెడితే అప్పుడు తెలిసేది వాటి సంగతి. ఉతికిన బట్టలు తీగ మీద ఎండుచేపల్లా బిర్రుగా నిలబడేవి. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, తొట్టె అంచుకు బూడిదరంగు జిడ్డు మాత్రం పట్టేది. స్నానాల గదిలో జల్లు గొట్టానికి నలభై చిల్లులుంటే పాతిక పూడుకుపోయి, మిగిలిన పదిహేను నాలుగు దిక్కులకూ చిమ్మేవి. పప్పు ఉడికేది కాదు. పెళ్లికూతుళ్ల జుట్టు కొబ్బరి పీచులా ఉంటుందని పక్క ఊళ్లవాళ్లు వేళాకోళం చేసేవారు. పచ్చ టీ ఆకు వేస్తే మురికి నీళ్ల రంగు వచ్చేది కనుక ఊరంతా మల్లెపూల టీ తాగేది.

ఈ నీళ్ల మీద పగబట్టినవాడు ఫుమి భర్త మొరియాసు. పట్టణ నీళ్ల ఆఫీసులో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశాడు. పూడుకుపోయిన గొట్టాలు కోసి కొత్తవి వేయడమే ఆయన పని. ఒకసారి చిటికెన వేలు కూడా దూరనంతగా పూడుకుపోయిన గొట్టం ముక్కను ఇంటికి తెచ్చి, టీవీ పక్కన పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

"ఇదిగో, మన ఒంట్లో నరాలు కూడా ఇలాగే అవుతాయి," అనేవాడు.

"మీ అమ్మగారికి తొంభై దాటాయి. ఆవిడ నరాలు ఎక్కడ పూడుకున్నాయో కాస్త చూపించండి," అనేది ఫుమి.

"ఆవిడ రాయినే అరిగించుకుంది. ఆవిడ లెక్క వేరు."

ఏదో ఒకనాటికి ఊరికి మెత్తటి నీళ్లు తెప్పిస్తానని ఆయన అందరికీ మాటిచ్చాడు. ఆయన ఇచ్చిన మాట అదొక్కటే. ఫుమికి ఒక్కటే గర్వం. అది ఆమె చెయ్యి.

ఫుమి నహా పట్నం పిల్ల. రేవు దగ్గర వాళ్ల అమ్మమ్మ బుకుబుకు టీ చేసేది. వేయించిన బియ్యం కాచిన నీళ్లు, మల్లె టీ పెద్ద కొయ్య గిన్నెలో కలిపి, మోచేతి పొడుగు వెదురు కవ్వంతో చిలికితే తెల్లటి నురగ లేస్తుంది. ఆ నురగను చిన్న గిన్నెలోని టీ మీద గోపురంలా ఎత్తి, దంచిన వేరుశెనగలు చల్లి ఇస్తారు. చెంచా ఉండదు, తినే పుల్లలుండవు. ముఖం పెట్టి తాగాల్సిందే. ముక్కుకు నురగ అంటకపోతే శుభం కాదు. ఓడ ఎక్కేవాళ్లకు, ఇల్లు కట్టినవాళ్లకు, బిడ్డ పుట్టినవాళ్లకు అది ఇచ్చేవారు. యుద్ధంలో అమ్మమ్మ పోయింది, గిన్నె పోయింది, ఆ టీ చేసేవాళ్లు కూడా పోయారు. ఫుమికి మిగిలింది అమ్మమ్మ మణికట్టు తిరిగిన తీరు ఒక్కటే.

పెళ్లయి కనెహమకు వచ్చాక ఆమె ఆ తీరును పట్టుకుని మొదలుపెట్టింది. వడ్రంగి చేత గిన్నె చేయించింది. వెదురు చీల్చి కవ్వం తనే కట్టుకుంది. ఆ రోజుల్లో ప్రతి ఇంటికీ పెంకుల మీద నుంచి జారే వాన నీటిని పట్టే సిమెంటు తొట్టి ఉండేది. మంచి పనికి మంచి నీళ్లు వాడాలి కదా! తొట్టిలోని వాన నీళ్లు వడగట్టి కాచింది. చిలికింది. నాలుగు బుడగలు లేచి, ఆమె ముఖం చూసి పగిలిపోయాయి.

రెండేళ్లు అదే వరస. ప్రతిసారీ అత్తగారు కమడో గడప మీద కూర్చుని చూసేది.

"నహాలో బియ్యం కడిగిన నీళ్లు తాగుతారా అమ్మాయ్? మేం పందులకు పోస్తాం," అనేది.

ఫుమి గిన్నె కడిగి బోర్లించేది. మర్నాడు మళ్లీ చిలికేది.

మూడో ఏడు వేసవిలో వానల్లేవు. తొట్టి అడుగున ఆకులు తప్ప ఏమీ మిగల్లేదు. గత్యంతరం లేక ఫుమి బావి నీళ్లు కాచింది, నేల కడగడానికి తప్ప దేనికీ పనికిరావని అందరూ తిట్టే నీళ్లు. ఆ రోజు నురగ లేచింది. లేచి, నిలిచింది. గిన్నె అంచు దాటి దూదిపింజలా ఎత్తుగా నిలిచి, కవ్వం తీసినా దిగలేదు.

కమడో గిన్నె అందుకుని ముఖం పెట్టింది. ముక్కు మీద నురగతో తలెత్తి, "ఊఁ," అంది. ఆవిడ నోట అంతకు మించిన మెప్పు అంతకుముందు ఎవరూ వినలేదు.

చెయ్యి పండింది అనుకుంది ఫుమి. రెండేళ్ల సాధన ఆ రోజుకు పండింది. వేరే ఏం అనుకుంటుంది? ఇరవై నాలుగేళ్ల పిల్ల. ఆ తర్వాత ఊళ్లోకి కొళాయిలు వచ్చాయి, తొట్టెలు పగలగొట్టారు. కొళాయి నీళ్లూ ఆ బావులవే. ఆమెకు నురగ తప్పిన రోజు మళ్లీ లేదు. కనెహమలో కొత్త పడవ దిగితే ఫుమి రావాలి, ఇల్లు లేస్తే ఫుమి రావాలి. ఎలా నిలుస్తుందమ్మా ఇంత నురగ అని ఎవరైనా అడిగితే మణికట్టు తిప్పి చూపించేది. "హస్తవాసి. చెయ్యి పెట్టి పుట్టాలి," అనేది.

ఆ మాటే ఒకసారి ఆడపడుచు మీద పడింది.

మొరియాసు చెల్లెలు చియో. ఎడమచేతి వాటం మనిషి, వదిన దగ్గరే చిలకడం నేర్చుకుంది. బాగా నేర్చుకుంది. ఆమె పెళ్లయి ఉత్తరాన కొండల ఊరికి వెళ్లింది. అక్కడ వాగు నీళ్లు. కూతురి పెళ్లినాడు వియ్యపువాళ్ల ముందు చియో గిన్నె పెట్టుకుని కూర్చుంది. ఎంత చిలికినా నురగ నిలవలేదు. అరగంట చిలికి, చెమటలు పట్టి, ఆఖరికి గిన్నె లోపలికి తీసుకెళ్లిపోయింది. పెళ్లికి వెళ్లిన ఫుమి వంటింట్లోకి వచ్చి ఆ గిన్నె చూసింది.

"నేర్పగలిగింది నేర్పాను చియో. చెయ్యి మాత్రం నేనెక్కణ్ణుంచి తెచ్చివ్వను?" అంది.

చియో ఆ కవ్వాన్ని మళ్లీ ముట్టలేదు. భర్త పోయాక పుట్టింటి పక్కనే చిన్న ఇల్లు చూసుకుని కనెహమకు తిరిగి వచ్చింది. రోజూ వదిన వంటింట్లోకి వచ్చి కూరలు తరిగేది, బియ్యం వేయించేది, వేరుశెనగలు దంచేది. చిలకమంటే మాత్రం "నా చెయ్యి మంచిది కాదుగా," అని నవ్వేసేది. ఆ నవ్వు వెనక ఏముందో పద్దెనిమిదేళ్లు ఫుమి ఆలోచించలేదు.

కమడోకు తొంభై ఏడో ఏడు వచ్చింది. అంటే గాలిమరల పండుగ. ఆ వయసుకు మనిషి మళ్లీ పసిబిడ్డ అవుతాడని చేతికి కాగితపు గాలిమర ఇస్తారు. ఎర్రటి అంగీ తొడిగి, పూలు కట్టిన బండిలో కూర్చోబెట్టి ఏడు కూడళ్లు తిప్పుతారు. ఊరంతా వచ్చి ఆ చెయ్యి పట్టుకుని, ఆయుష్షు కాస్త అంటించుకుని పోతారు.

"తలా కాస్త పట్టుకుపోతే నాకేం మిగులుతుంది?" అని అడిగింది కమడో.

"మీకు ఉన్నదాంట్లో ఊరంతా పంచుకున్నా ఇంకో పదేళ్లు మిగుల్తుంది అత్తయ్యా," అంది ఫుమి.

"సరే. వచ్చినవాళ్లందరికీ నీ నురగ పొయ్యి. నాకు మాత్రం ముక్కు మునగాలి. ముక్కు మునక్కపోతే ఆ బండెక్కను."

రెండు వందల మంది వస్తారని లెక్క. ఫుమి సరేనంది.

ఆ పండుగకు సరిగ్గా మూడు వారాల ముందు మొరియాసు మాట నిజమైంది. కొండ అవతల కొత్త ప్లాంటు కట్టారు. నీళ్లలోని సున్నాన్ని అక్కడే విడగొట్టి పంపుతారట. రిటైరై ఎన్నో ఏళ్లయినా వాల్వు తిప్పడానికి ఆఫీసువాళ్లు ఆయన్నే పిలిచారు. తెల్ల చొక్కా వేసుకుని వెళ్లి తిప్పి వచ్చాడు. ఆ సాయంత్రం నుంచి ఇంటింటికీ తిరిగి, వాళ్ల కొళాయి కిందే వాళ్ల సబ్బే రుద్ది చూపించాడు. చేతులనిండా నురగ.

"చూశారా? ఇక కెటిల్ గీకక్కర్లేదు," అనేవాడు.

ఊరు మురిసిపోయింది. బట్టలు మెత్తబడ్డాయి. గ్లాసులు మెరిశాయి. కమడో ఒక్కతే సణిగింది.

"ఒరేయ్ మొరియాసు, ఏం నీళ్లురా ఇవి? ఎంత కడిగినా ఒంటి జిడ్డు పోదు. ఈల్ చేపలా జారిపోతున్నాను."

"అది జిడ్డు కాదమ్మా. నీ చర్మం అంత నున్నన."

"తొంభై ఏడేళ్లకా?"

పండుగ ఎల్లుండి అనగా, అత్తగారి నోటికి ముందుగా ఒక గిన్నె రుచి చూపిద్దామని ఫుమి చిలకడానికి కూర్చుంది. ఎదురుగా చియో వేరుశెనగలు దంచుతోంది. ఫుమి మణికట్టు తిరిగింది. నురగ లేచింది. చూస్తుండగానే దిగిపోయింది.

మళ్లీ చిలికింది. మళ్లీ దిగింది. బియ్యం సరిగా వేగలేదేమోనని ఇంకో గుప్పెడు ఎర్రగా వేయించి కాచింది. లాభం లేదు. టీ ఆకు మార్చింది. గిన్నెకు ఎక్కడైనా నూనె అంటిందేమోనని వేడినీళ్లతో మూడుసార్లు కడిగింది. కవ్వం పాతదైందని అటక మీది కొత్త కవ్వం దింపింది. మధ్యాహ్నం దాకా అదే పని. భుజం లాగేసింది. గిన్నెలో మాత్రం గోధుమరంగు నీళ్లు, వాటి మీద వాన వెలిసిన గుంటలోలా నాలుగు బుడగలు.

"ఏమైంది అమ్మాయ్?" అంది గడప మీది నుంచి కమడో. చెవి పెద్దగా వినపడకపోయినా కవ్వం చప్పుడు తేడా ఆవిడకు తెలుసు.

"ఏం కాలేదు అత్తయ్యా. చెయ్యి కాస్త నొప్పిగా ఉంది."

"డెబ్బై వచ్చాయి కదే నీకు కూడా."

అత్తగారు ఎత్తిపొడుపుగా అన్నా ఫుమికి బాధ ఉండేది కాదు. మెల్లగా అంది. అది గుచ్చుకుంది. రెండు వందల మంది వస్తారు, నలభై ఏళ్లుగా కనెహమలో ఏ బిడ్డ పుట్టినా ఆమె చేతి నురగే పోశారు. వాళ్ల ముందు పలచటి నీళ్ల గిన్నె పెట్టాలా? అది కూడా ఆయుష్షు పండుగనాడు?

చియో రోలు పక్కన పెట్టి, గిన్నెలోకి చూసి, "నాకూ అక్కడ ఇలాగే అయింది వదినా," అంది. ఎత్తిపొడుపు కాదు. ఊరికే అంది. ఫుమి వినిపించుకోనట్టే లేచి వెళ్లిపోయింది.

సాయంత్రం స్నానానికి దిగింది. భుజానికి వేడినీళ్లు పడితే కాస్త తెరిపి. చేతికి సబ్బు తీసుకుని ఒక్కసారి రుద్దింది. గుప్పిటనిండా నురగ వచ్చింది. తెల్లగా, ఎత్తుగా, దూదిలా. నలభై ఆరేళ్లలో ఆ గదిలో అంత నురగ ఎప్పుడూ రాలేదు.

ఫుమి ఆ నురగను చూస్తూ ఉండిపోయింది.

సబ్బుకు ఇంత నురగ వచ్చే నీళ్లు. ఆ నీళ్లకే గిన్నెలో నురగ రాలేదు. వాన నీళ్లకూ సబ్బు నురగ బాగా వచ్చేది. ఆ రెండేళ్లూ గిన్నెలో నురగ రాలేదు. తొట్టి ఎండిన ఏడు, పనికిమాలిన బావి నీళ్లకు వచ్చింది. చియో అత్తవారి ఊళ్లో కొండ వాగు. అక్కడ జుట్టు పట్టుకుచ్చులా ఉంటుందని చియో పెళ్లయిన కొత్తల్లో గొప్పలు చెప్పేది.

ఇంక లెక్క కట్టేందుకు ఏమీ మిగల్లేదు. ఇన్నాళ్లూ నురగను నిలబెట్టింది ఆ రాయి. కెటిల్‌లోంచి తను గీకి పారేసిన పెచ్చు.

చెయ్యి పోలేదన్న ఊరట మొదట కలిగింది. అది పూర్తిగా కలగకముందే చియో పెళ్లింటి వంటగది గుర్తొచ్చింది. చెయ్యి నేనెక్కణ్ణుంచి తెచ్చివ్వను అన్న తన గొంతు గుర్తొచ్చింది. ఫుమి ఒక చెంబెడు నీళ్లు నెత్తిన పోసుకుంది. జిడ్డు పోనట్టే అనిపించింది, అత్తగారు చెప్పినట్టు.

ఇప్పుడు సున్నపు నీళ్లు ఎక్కడ దొరుకుతాయి? బావులన్నీ ప్లాంటుకు కలిపేశారు. ఒక్కటి మిగిలింది. సముద్రం వైపు రాతి మెట్లు దిగితే వచ్చే పురుటి ఊట. ఊళ్లో ఎవరు పుట్టినా మొదటి స్నానం, పోతే కడపటి స్నానం ఆ నీళ్లతోనే. కొత్త సంవత్సరం రోజున వేలితో ఆ నీళ్లే నుదుటికి అద్దుకుంటారు. కొళాయిలు వచ్చాక ఎవరూ బిందెలతో అక్కడికి వెళ్లలేదు, కానీ మెట్లు ఊడ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఈ సంగతి మొరియాసుకు చెప్పాలనిపించలేదు. ఆయన మూడు వారాలుగా ఊళ్లో పెళ్లికొడుకులా తిరుగుతున్నాడు. ఆ నీళ్లు పనికిరావని ఏ నోటితో చెప్పాలి?

పండుగనాడు తెల్లవారుతూనే రెండు పెద్ద డబ్బాలు తోపుడు బండిలో వేసుకుని ఫుమి ఊట దగ్గరికి వెళ్లింది. మెట్లు దిగేసరికి నీళ్ల పక్కన మొరియాసు వంగి ఉన్నాడు. చేతిలో అరచేయంత సీసా. ఈ పండుగనాడు తల్లి నుదుటికి అద్దడానికి ఊట నీళ్లు పట్టుకెళ్లాల్సింది కొడుకే. ఆ సంగతే ఆమె మరిచిపోయింది.

ఆయన డబ్బాలు చూశాడు, ఆమెను చూశాడు.

"మా అమ్మ నుదురు అంత పెద్దదేం కాదే," అన్నాడు.

"నురగకు."

"నురగకు కొళాయి ఉందిగా ఇంట్లో."

"నిలవడం లేదు."

"ఏం నిలవడం లేదు?"

"మీ నీళ్లకు నురగ నిలవడం లేదండీ. మొన్న పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చిలికాను."

"నీళ్లకేమైంది? నేనే పరీక్ష చేయించాను. సున్నం మూడో వంతుకు పడిపోయింది."

"అదే అయింది."

మొరియాసు ముప్పై ఎనిమిదేళ్లు నీళ్లతో బతికినవాడు, రెండోసారి చెప్పించుకోలేదు. మెట్టు మీద కూర్చున్నాడు. ఊట కింద రాయి మీద తెల్లటి పొర మెరుస్తోంది. దాన్ని వేలితో రాశాడు.

"అయితే నేను కోసి పారేసిందాన్నే నువ్వు గిన్నెలో పోసి ఊరందరికీ తాగించావన్నమాట."

"తాగించాను. మీరూ తాగారు. బాగుందన్నారు."

"బాగానే ఉండేది మరి." సీసా మూత బిగించాడు. "నా ఎదుటే కదే చిలికేదానివి. నాకు తట్టనేలేదు."

"నాకు తట్టిందా? ఇన్నేళ్లూ మణికట్టు తిప్పి చూపించాను."

ఆయనకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది, కానీ ఆయనకొచ్చినంత కాదు. ఆమెకు ఇంకా చెయ్యాల్సింది ఒకటి మిగిలి ఉంది.

"ఇలా ఇవ్వు ఆ డబ్బాలు," అన్నాడు మొరియాసు.

"మీ మోకాలి నొప్పి?"

"మోకాలు మెత్తటి నీళ్లతో బాగుపడింది. ఇవ్వు."

పదింటికి పూలబండి ఏడు కూడళ్లూ తిరగడానికి బయల్దేరింది. ముక్కు మునగనిదే ఎక్కనన్న కమడోను, తిరిగొచ్చాక రెండు గిన్నెలు ఇస్తామని బతిమాలి ఎక్కించారు. వాకిట్లో చాపలు పరిచారు. ఊట నీళ్లు ఫుమి కెటిల్‌లో విడతలు విడతలుగా కాగి చల్లారాయి. వేయించిన బియ్యం వాసన వీధి చివర దాకా వెళ్లింది. వంటింట్లో ఫుమి కొయ్య గిన్నె ముందు పీట వేసింది. వేసి తను కూర్చోలేదు.

"చియో, ఇలా రా. కవ్వం పట్టుకో."

చియో వేరుశెనగల రోలు దగ్గరి నుంచి తలెత్తింది. "నేనెందుకు వదినా? నా చెయ్యి మంచిది కాదన్నావుగా."

"అన్నాను. తప్పు. నీ చెయ్యి మంచిదే. మీ అత్తగారి ఊరి నీళ్లు మరీ మంచివి, అదీ వచ్చిన చిక్కు."

ఫుమి మొత్తం చెప్పింది. తొట్టి ఎండిన ఏడు దగ్గర్నుంచి సబ్బు దాకా ఏదీ దాచుకోకుండా చెప్పింది. వింటున్నంత సేపూ చియో రోకలి చేతిలోంచి దించలేదు. బయట పిల్లల గాలిమరలు గిరగిర తిరుగుతున్నాయి.

"పద్దెనిమిదేళ్లు పట్టింది నీకు ఈ మాట అనడానికి," అంది చివరికి.

"నీళ్లు మారితేగాని నాకూ తెలియలేదు."

"నీళ్లు మారకపోతే?"

ఫుమి అబద్ధం ఆడే మనిషి కాదు. "అనేదాన్ని కాదు," అంది.

చియో రోకలి దించింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చి పీట మీద కూర్చుంది. కవ్వం రెండు అరచేతుల మధ్య ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసింది, చాలా కాలానికి కలిసిన మనిషిని చూసినట్టు. గిన్నెలో పెట్టి చిలకడం మొదలుపెట్టింది. మొదట తడబడింది. ఫుమి చెయ్యి ముందుకు చాపి, మళ్లీ వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. నాలుగో తిప్పుకు లయ దొరికింది. బుడగలు లేచాయి, చిన్నవయ్యాయి, తెల్లబడ్డాయి, ఒకదాన్నొకటి పట్టుకుని పైకి వచ్చాయి. చియో కవ్వం ఎత్తింది. నురగ కవ్వంతోపాటు లేచి, వంగి, అలాగే నిలిచింది.

ఫుమి రెండో గిన్నె దగ్గరికి లాక్కుని రెండో కవ్వం తీసుకుంది. రెండు వందల మంది కదా!

మధ్యాహ్నం పూలబండి తిరిగి వచ్చింది. ఎర్ర అంగీ, చేతిలో గాలిమర, సగం ఊరితో చేతులు కలిపి అలసిపోయిన కమడో. మొరియాసు సీసాలోని నీళ్లు ఆమె నుదుటికి అద్దాడు. మొదటి గిన్నె చియో పట్టుకొచ్చి ఇచ్చింది. నురగ గిన్నెకు రెండింతలు ఎత్తుంది. కమడో ముఖం పెట్టింది. ముక్కు మునిగింది, కనుబొమ్మలకు కూడా అంటింది. తలెత్తి చుట్టూ చూసింది.

"ఎవరు చిలికారిది?"

"మీ అమ్మాయి," అంది ఫుమి.

"అందుకే ఎడమకు ఒరిగింది." గిన్నె చివరిదాకా తాగింది. "ఇంకోటి ఇవ్వండి. రెండన్నారు. దీని చేతిదే."

చియో గిన్నె తీసుకుని చరచరా లోపలికి వెళ్లిపోయింది. ఆమె ముఖం ఎవరికీ కనబడకూడదని అలా వెళ్లిందని ఫుమికి ఒక్కదానికే తెలుసు.

వాకిట్లో ఎవరో అడగనే అడిగారు, కొళాయి నీళ్లు మారాయి కదా, అయినా నురగ ఇలా ఎలా నిలిచిందమ్మా అని. ఆ ప్రశ్నకు ఫుమి చెయ్యి అలవాటుగా లేచింది. మణికట్టు తిరగబోయి ఆగింది.

"నీళ్లు పురుటి ఊటవి. చెయ్యి చియోది," అంది. ఒక్క క్షణం ఆలోచించింది. "కెటిల్ నాది."

ఆ తర్వాత ఆమె ఎనిమిదేళ్లు బతికింది. ఊళ్లో కెటిళ్లన్నీ అద్దాల్లా మెరుస్తుంటే ఆమెది మాత్రం ఎప్పటిలా తెల్లగా పూడుకుంటూనే ఉండేది. నెలకు రెండుసార్లు పొయ్యి దేవుడి టీకి ఊట నీళ్లే పోసేది, రెండుసార్లు గీకేది. ఆ డబ్బాలు మోసింది మొరియాసు. మెత్తటి నీళ్లు తెచ్చినవాడే రాతి నీళ్లు మోస్తున్నాడని నీళ్ల ఆఫీసు కుర్రాళ్లు నవ్వితే, "ఊరికి ఒక రకం, ఇంట్లో ఒక రకం. అది సంసారం," అనేవాడు. టీవీ పక్కనున్న గొట్టం ముక్కను మాత్రం తీయలేదు. దాని కథ చెప్పడం కాస్త మార్చుకున్నాడు, అంతే.

ఫుమి పోయిన రోజు కడపటి స్నానానికి నీళ్లు ఎక్కడి నుంచి తేవాలో ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆ ఊట ఆమె పుట్టుక నీళ్లు కాదు, ఆమె పుట్టింది నహాలో. అయినా మొరియాసు అప్పటికే డబ్బా పట్టుకుని మెట్లు దిగిపోయాడు. మోకాలు సహకరించక సగం సగం నింపుకుని మూడుసార్లు వెళ్లి వచ్చాడు, ఎవరినీ మోయనివ్వలేదు.

కెటిల్ ఇప్పుడు చియో పొయ్యి మీద ఉంది. నిన్న పదిహేనో రోజు. మొన్న సాయంత్రం షీక్వాసా తొక్కలు వేసి మరిగించి, పెచ్చులు గీకి, ఫుమి వేసిన కాకర పాదు మొదట్లోనే పోసింది. వచ్చే నెల కొత్త పడవ ఒకటి దిగుతోంది. నురగకు చియోను రమ్మన్నారు.